సంఘం లెక్కలు అడిగితే పరువు పోతుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. అడవి పందుల బెడదకు లైసెన్సు తుపాకులు పెట్టుకున్న రైతులం సంఘంగా ఉన్నాం. రెన్యువల్ పనులు సంఘమే చూస్తుంది. చందా లెక్కలు అడిగితే ‘సంఘం పరువు తీస్తావా’ అంటున్నారు మా అధ్యక్షుడు. అమెరికాలోనూ ఇలాగే జరిగిందటగా?
– ఒక రైతు, గజపతి జిల్లా

జవాబు: జరిగిందండీ. అక్కడ 1871లో పుట్టిన తుపాకీదారుల సంఘం నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌ను దాని సీఈవో వేన్ లాపియర్ ముప్పై ఏళ్లకు పైగా నడిపారు, సభ్యుల సొమ్ముతో ప్రైవేటు విమానాల్లో తిరిగారు, ఖరీదైన సూట్లు కుట్టించుకున్నారు. 2019లో లాయర్ల బిల్లుల సంగతి తేల్చమన్న అప్పటి అధ్యక్షుడు ఆలివర్ నార్త్‌నే సాగనంపేశారు. అధ్యక్షుడికే ఆ గతి పట్టిందంటే మామూలు సభ్యుడి మాట ఎవరు వింటారు? 2021లో బోర్డులో చాలామందికి చెప్పకుండా దివాలా పిటిషన్ వేస్తే కోర్టు కొట్టేసింది. 2024లో జ్యూరీ లాపియర్‌ను 43.5 లక్షల డాలర్లు తిరిగి కట్టమంది.

మీరు గట్టిగా అడగండి. సంఘం 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంటే ఏటా కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి, ఇచ్చారో లేదో ముందు కనుక్కోండి. చందా రసీదులు జిరాక్స్ తీయించి, తోటి సభ్యుల సంతకాలతో సర్వసభ్య సమావేశం పెట్టమని కాగితం ఇవ్వండి. లైసెన్సు రెన్యువల్ మాత్రం మీ అధ్యక్షుడి చేతిలో పెట్టి కూర్చోకండి, గడువు దాటితే ఇబ్బంది మీకే.