కర్ర ట్రెసిల్ వంతెనను తలకిందులుగా కట్టండి

మీరు అడిగింది ఇది: విజయవాడ అపార్ట్‌మెంట్‌లో ఎనిమిది బై నాలుగు అడుగుల ప్లైవుడ్ మీద హెచ్‌ఓ మోడల్ రైలు (అసలులో 87వ వంతు సైజు, అంటే 1:87) వేస్తున్నారు, ఒక మలుపులో లోయ, దాని మీద కర్ర ట్రెసిల్ (వరసగా నిలిపిన కర్ర కాళ్ల మీద నిలిచే వంతెన) కావాలి, ఫారిన్ కిట్ కొనే ఉద్దేశం లేదు. ముందు కొండలు చేసుకోవాలా, వంతెన కట్టుకోవాలా అని. రెండూ కాదండీ. ముందు పట్టా. దాని మీద రైలు వారం రోజులు తిరిగాక వంతెన. వంతెన కాళ్లు గాల్లో ఉండగా నేల. ఈ వరస తప్పినవాళ్లంతా చివరికి రంపం పట్టుకుని తమ కొండలు తామే కోసుకున్నవాళ్లు.

లోయ కోసం పట్టాను ఎత్తెక్కించాలని చూడకండి. నూటికి 2 వాలుతో 120 మి.మీ. ఎక్కాలంటే 6 మీటర్లు కావాలి. 22 అంగుళాల (559 మి.మీ.) వ్యాసార్ధం మలుపులతో మీ పలక మీద పట్టే చుట్టు మొత్తం కలిపినా 6 మీటర్లు ఉండదు. ఇక దిగేదెక్కడ? అందుకని పట్టా అంతటినీ ఒకే మట్టంలో 120 మి.మీ. పైకి లేపండి. 12 మి.మీ. ప్లైవుడ్‌ని 60 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోసి, అడుగుకొక దిమ్మ కింద పెడితే చాలు. లోయ వచ్చే చోట కూడా ప్రస్తుతానికి పట్టీ తెగకూడదు. రైలు తిప్పి, ఎక్కడ పెట్టె పట్టా దిగుతోందో చూసి సరిచేశాకే ఆ మలుపును అట్ట మీద అచ్చు తీసుకోండి, నడిమి గీతతో సహా. మీ వంతెనకు నక్షా అదే.

ఇక కొలతలు. అసలు ట్రెసిల్ గుంజ అడుగు మందం ఉంటుందనుకుంటే 1:87లో అది 3.5 మి.మీ. కబాబులు గుచ్చే 3 మి.మీ. వెదురు పుల్లలు ఇందుకే పుట్టినట్టుంటాయి. గుంజల నెత్తిన అడ్డంగా పడే క్యాప్ 3.5 మి.మీ. చదరం, 49 మి.మీ. పొడవు. దీనికి టేకు ముక్కను వడ్రంగి చేత టేబుల్ రంపం మీద చీల్పించండి. రంపం మందానికే సగం కర్ర పొట్టైపోతుంది, పోనివ్వండి, ఆ పొట్టు తర్వాత పనికొస్తుంది. బాల్సా మాత్రం వద్దు. బిగింపు క్లిప్పు పెడితే నొక్కుకుపోతుంది, రంగు తగలగానే నూగు లేస్తుంది.

క్యాప్, దాని కింద ఐదు గుంజలు కలిపితే ఒక బెంట్. నడిమి గుంజ నిటారు. దాని పక్కవి రెండూ 12 మి.మీ. ఎత్తుకు 1 మి.మీ., చివరివి రెండూ 6 మి.మీ.కి 1 మి.మీ. చొప్పున కిందికి వచ్చేకొద్దీ బయటికి వాలాలి. బెంట్‌కీ బెంట్‌కీ మధ్య 15 అడుగులు, అంటే మన కొలతలో 52 మి.మీ. పావు వృత్తం మలుపు 878 మి.మీ. వస్తుంది కాబట్టి 17 ఖాళీలు, 18 బెంట్లు. మలుపు కదా, బెంట్ల మీద పట్టాను మోసే దూలాలు వంచాలేమోనని భయపడొద్దు. 52 మి.మీ. తిన్నని కర్రకూ 559 మి.మీ. వృత్తానికీ నడుమ తేడా 0.6 మి.మీ. మాత్రమే. అసలు వంతెనల్లో కూడా తిన్నని దూలాలే వేసి, బెంట్లను మలుపు కేంద్రం వైపు తిప్పుతారు. ఒక్కో పట్టా కింద మూడేసి దూలాలు, అతుకులన్నీ ఒకే బెంట్ మీద పడకుండా.

అన్ని బెంట్లకూ అచ్చు ఒక్కటే చాలు. లోయ లోతులో పడే అతి పొడుగు బెంట్‌ను గ్రాఫ్ కాగితం మీద గీసి, ప్లైవుడ్ ముక్కకు అంటించి, పైన పాలిథిన్ పరచండి, ఫెవికాల్ దానికి అంటదు. గీతల వెంట సన్న మేకులు కొట్టండి. పొట్టి బెంట్లు కూడా ఇందులోనే పూర్తి పొడుగున చేసి, తర్వాత అడుగు కోయాలి. అప్పుడే అన్నిటి వాలూ ఒకటే వస్తుంది. పొట్టిదానికి వేరే బొమ్మ గీసి చేస్తే పక్కపక్కన నిలబెట్టినప్పుడు కాళ్లు ఎడాపెడా కనిపిస్తాయి, ఎంత రంగు వేసినా ఆ వంకర పోదు. రెండు వైపులా కత్తెర పట్టీలు కొట్టాలి, ముందుది ఒక మూలకైతే వెనకది రెండో మూలకి. ప్లైవుడ్ దుకాణంలో దొరికే వెనీర్ (పల్చటి కర్ర పొర) ముక్కల్ని 3 మి.మీ. వెడల్పున కోస్తే సరిపోతాయి.

పుల్లలు అతికించక ముందే వాటికి రంగు వేయాలి. అందరూ తప్పేది ఇక్కడే. జిగురు చుక్క పడిన చోట కర్ర రంగు పీల్చదు, ప్రతి అతుకు దగ్గరా తెల్ల మచ్చ మిగులుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నల్ల ఇండియన్ ఇంక్ చుక్కలు, కాస్త గోధుమ రంగు కలిపి పుల్లల్ని కట్టలుగా ముంచి తీసెయ్యండి. నునుపుగా మెరిసే పుల్లలుంటే ముందు 120 నంబరు గరుకు కాగితం పెట్టాలి, లేకపోతే రంగూ పట్టదు, జిగురూ పట్టదు.

ఇప్పుడు తలకిందుల పని. అట్ట అచ్చును చదునైన పలక మీద బోర్లించండి. అద్దంలో బొమ్మలా మలుపు ఎడమ కుడి మారాలి. ఇది మరిచారా, ఎడమకు తిరగాల్సిన వంతెన కుడికి తిరుగుతుంది, ఇక చేసేదేమీ ఉండదు. అచ్చు మీద దూలాలు గుండుసూదులతో నిలిపి, వాటి మీద బెంట్లను క్యాప్ కిందికి, కాళ్లు పైకి వచ్చేలా ఒక్కొక్కటీ అతికించాలి. ప్రతిదానికీ మూలమట్టం పెట్టి చూడండి. నాలుగు బెంట్లు అంటించి గంట ఆగండి. మే నెలలో ఫ్యాన్ కింద ఫెవికాల్ పైన పొర కట్టి ఎండినట్టు నమ్మిస్తుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. అన్నీ నిలిచాక బెంట్లను వంతెన పొడవునా కలిపే పట్టీలు వేసి, రాత్రంతా వదిలెయ్యండి. తెల్లారి సూదులు తీసి, రెండు చేతులతో దూలాల దగ్గర పట్టుకుని తిప్పండి. కాళ్లు పట్టుకోకూడదు. కిర్రుమని చప్పుడైతే ఆగి, ఏ అతుకు విడిందో వెతికి, జిగురు పెట్టాకే ముందుకు వెళ్లండి.

లోయ మీద తెగకుండా ఉంచిన తాత్కాలిక ప్లైవుడ్ పట్టీని కోసేసి వంతెనను రెండు చివరలా దిమ్మల మీద కూర్చోబెట్టండి. కాళ్లు నేలకు 3 మి.మీ. పైనే ఉండాలి, కావాలనే అంత తక్కువగా కోయాలి. అన్ని కాళ్లూ నేలకు తగిలేలా కోస్తే 18 బెంట్లలో ఏదో ఒకటి ఒక్క మిల్లీమీటరు ఎక్కువుంటుంది. అక్కడ పట్టా మూపురంలా లేచి, పెట్టెల కొక్కేలు ఊడతాయి. వేలాడే కాళ్ల కిందికి నేలను తేవడం సులువు, నేలకు కాళ్లు సరిపెట్టడం నరకం. పట్టా మట్టం చూసుకుని ఆ సందుల్ని ప్లాస్టర్‌తో నింపితే అవే పునాది రాళ్లు.

పైన స్లీపర్లకు అగ్గిపుల్లల తల తీసి 35 మి.మీ.కి కోయండి. 5 మి.మీ.కి ఒకటి చొప్పున ఇంచుమించు 180 కావాలి. ప్రతి ఆరోదాని స్థానంలో సర్క్యూట్ బోర్డు ముక్క పెట్టి పట్టాలను దానికి సోల్డర్ చేయండి. ముక్క నడుమ రాగి పొరను గీరేయకపోతే షార్ట్ అవుతుంది. ఈ వంతెన మీద కంకర పోయకండి. స్లీపర్ల సందుల్లోంచి లోయ కనిపించాలి, ట్రెసిల్ అందమంతా అదే.

నేలకు థర్మోకోల్ దిమ్మెలు, పైన న్యూస్‌పేపర్ ముక్కలు, ఆపైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్. స్ప్రే డబ్బా రంగు నేరుగా థర్మోకోల్ మీద కొడితే కరిగి గుంటలు పడుతుంది. ప్లాస్టర్ పొడిని నీళ్లలో వేయాలి, నీళ్లు పొడిలో కాదు. ఎండాకాలం చల్లటి నీళ్లతో, ఒక్కో కప్పే కలపండి. వానాకాలం మూత తీసి ఉంచిన పొడి గట్టిపడదు, పారెయ్యండి. బండరాళ్లకు కొండపల్లి బొమ్మల వాళ్ల మక్కు బ్రహ్మాండంగా పనికొస్తుంది: చింతగింజల జిగురులో సన్న రంపపు పొట్టు. చాకు మొనతో చెక్కితే అచ్చం రాతి పొరలు. 4 మి.మీ. కన్నా మందంగా ఒకేసారి పెడితే ఎండేటప్పుడు పగులుతుంది. చింతగింజంటే బొద్దింకలకు విందు కాబట్టి మైదా పేస్టులో వేసినట్టే చిటికెడు మైలుతుత్తం కలపండి, చేతికి గ్లోవ్స్ వేసుకోండి.

గుంటూరు నల్లరేగడి మట్టి తెచ్చి పరుద్దామనుకుంటారు కొందరు, సొంత ఊరి మట్టని. అది తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుని నెర్రెలు బారుతుంది. పొలంలో చేసేదే మీ బల్ల మీదా చేస్తుంది. ఎర్రమట్టి జల్లించి వాడండి. ఇసుకైనా మట్టైనా ముందు అయస్కాంతం తిప్పండి, నల్లటి ఇనుప రజను ఉంటే దానికి అంటుకొస్తుంది. వదిలేస్తే అది ఇంజిన్ మోటారు అయస్కాంతానికి పట్టి గేర్లు అరగదీస్తుంది. నీటిలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి పిచికారీ చేశాక, ఒక పాలు ఫెవికాల్‌కు మూడు పాళ్ల నీళ్లు డ్రాపర్‌తో వేస్తే మట్టి కదలదు.

అడగకపోయినా ఒకటి చెప్పాలి. లోయ నిండా స్విట్జర్లాండ్ పైన్ చెట్లు, అడుగున నీలం నీళ్లు ఎందుకండీ? ప్రకాశం బ్యారేజీ దిగువన వేసవిలో కృష్ణ ఎలా ఉంటుందో చూశారుగా: ఇసుక తిన్నెలు, మధ్యలో నాలుగు పాయలు, మట్టి కలిసిన ఆకుపచ్చ. అడుగున ఆ రంగు వేసి మెరిసే వార్నిష్ మూడు పూతలు పూస్తే చాలు. రెసిన్ పోస్తే 3 మి.మీ. పొరలుగా పోయండి, మందంగా పోస్తే వేడెక్కి పగులుతుంది. చెట్లకు నేతిబీర పీచు, రంగు వేసిన రంపపు పొట్టు. తాటిచెట్లు నాలుగు పెట్టండి. నిజానికి మన నల్లమలకు తగింది కర్ర ట్రెసిల్ కాదు, గుంటూరు–నంద్యాల మార్గంలో మీటర్ గేజ్ కాలం నాటి దొరబావి ఇనుప వంతెన. కర్ర ట్రెసిల్ అమెరికా అడవుల సొత్తు. 1933లో కాలిఫోర్నియాలో కట్టిన గోట్ కాన్యన్ వంతెన ఇప్పటికీ నిలిచే ఉంది, అదీ మలుపు మీదదే. మీ ముచ్చట మీది, కట్టుకోండి.

చివరగా ఎండ సంగతి. గదిలో జనవరికీ మేకీ 20 డిగ్రీల తేడా ఉంటే మీటరు పట్టా దాదాపు 0.35 మి.మీ. సాగుతుంది. వంతెన రెండు చివరలా అర మిల్లీమీటరు సందు వదిలి, ఆ అతుకుల్ని సోల్డర్ చేయకుండా, వంతెన పట్టాలకు కరెంటు తీగలు విడిగా ఇవ్వండి. మూడో బెంట్ నడిమి గుంజ వెనక నుంచి సన్న నల్ల తీగ దించితే ఎవరికీ కనపడదు.