గెలిచినవాడు ‘ఔట్’ ఎలా అవుతాడు?

సందేహం: సెలవులకు వచ్చిన మనవలు పేకముక్కలతో ‘గాడిద’ ఆడుతున్నారు. చేతిలో ముక్కలు ముందుగా అయిపోయినవాడు ‘నేను ఔట్’ అని గంతులేస్తున్నాడు. గెలిచినవాడు ఔట్ కావడమేమిటి? మా చిన్నప్పుడు ‘పండాను’ అనేవాళ్ళం. ఏది సరి? – ఒక పాఠకురాలు, ఒంగోలు.

సమాధానం: అమ్మా, ఆట తెలియనివారికి ముందుగా రెండు ముక్కలు. 52 ముక్కలూ పంచేస్తారు. ఒకరు ఇస్పేటు వేస్తే అందరూ ఇస్పేటే వేయాలి. లేనివాడు వేరే జాతి ముక్కతో కొడతాడు. అప్పుడు ఇస్పేటులో పెద్దముక్క వేసినవాడు కిందున్నవన్నీ ఎత్తుకోవాలి. ముక్కలు వదిలించుకున్నవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకోగా, చివరికి బరువు మోస్తూ మిగిలినవాడు గాడిద. పంజాబులో ఇలాంటి ఆటలో మిగిలినవాణ్ణి భాభీ, అంటే వదిన అంటారు. రష్యన్ల ‘దురాక్’లో మిగిలినవాడు మూర్ఖుడు. ఆ రెండిటికన్నా మన గాడిదే నయం.

మీ ‘పండాను’ దగ్గరికి వస్తాను, నాకు నోరూరించే మాట అది. ఇది పేకాటలో పుట్టింది కాదు. అష్టాచెమ్మా, పచ్చీసు ఆడినవారికి తెలుసు: గళ్ళలో నడిపేవి కాయలు. చుట్టూ తిరిగి, శత్రువు చేతిలో చావకుండా నడిమింటికి చేరితే కాయ పండినట్టు. గింజలకూ గాజుముక్కలకూ కాయ అని పేరు పెట్టి ఊరుకోకుండా, వాటిని పండించేదాకా వదల్లేదు మనవాళ్ళు! తమిళుల దాయం ఆటలోనూ అంతే, కాయి పఴం అవుతుంది. తమిళ పఴం, కన్నడ హణ్ణు, తెలుగు పండు ఒక తల్లి బిడ్డలు. తమిళంలో నిలిచిన ఆ ‘ఴ’ మన పాత శాసనాల్లోనూ ఉండేది. తర్వాత చాలాచోట్ల డకారంలోకి దిగింది. వాళ్ళ ఏఴు మన ఏడు, వాళ్ళ కోఴి మన కోడి.

ఇక ఈ పండడం ఒక్క చెట్టుకే పరిమితమా? చేను పండుతుంది, గోరింటాకు పండుతుంది, తాంబూలంతో నోరు పండుతుంది, నోము పండుతుంది, కడుపు పండుతుంది. తల పండినవాడి సలహా అడుగుతాం. ఆకు రాలబోతే పండుటాకు, వెన్నెల నిండితే పండువెన్నెల. ఒకచోట ఎరుపు, ఒకచోట తెలుపు, ఒకచోట పసుపు. రంగు ఏదైనా, రావలసినదశకు వచ్చిందన్నదే అర్థం. అందుకని ‘పండినవాడే పండితుడు’ అని వేదికలెక్కి చెప్పేవారున్నారు. చప్పట్లకు పనికొస్తుంది గాని వ్యుత్పత్తికి పనికిరాదు. పండితుడు సంస్కృతం, ‘పండా’ అంటే బుద్ధి. తెలంగాణలో పండడమంటే పడుకోవడం కూడా. అక్కడ ‘పండిన’ అంటే ఆట మధ్యలో నిద్రపోయాడనుకోగలరు.

‘ఔట్’ను తిట్టబోయే ముందు ఒకమాట. ఇంగ్లీషు పేకాటలో ‘గో ఔట్’ అంటే చివరి ముక్క వదిలించుకోవడమే, చాలా ఆటల్లో అదే గెలుపు. కాబట్టి మీ మనవడి ఇంగ్లీషు తప్పు కాదు. మనకు తెలిసిన ఔట్ క్రికెట్‌ది, అందుకే మీకు అది ఓటమిలా వినిపించింది. నాకు కోపం దాని మీద కాదు, ఈమధ్య పిల్లలు టీవీ పోటీలు చూసి గెలిచికూడా ‘ఎలిమినేట్ అయ్యాను’ అంటున్నందుకు. ఇంట్లో నలుగురు కూర్చుని ఆడుకునే ఆటకు అంత టెన్షన్ మాట దేనికి?

ఓడినవాడికి ‘బేస్తుపడ్డాడు’ అనే మాట కొందరు వాడతారు. బేస్తు వేరే పేకాట. యూరప్‌లో మృగం పేరుతో ‘బీస్ట్’ అనే ఆట ఉండేది, అందులో ఓడినవాణ్ణే మృగమయ్యాడనేవారు. మన బేస్తు దాని నుంచే వచ్చిందని నా అనుమానం, రుజువు కాదు.

ఇంతకీ తీర్పు అంటారా? పేకముక్క ఎక్కడికీ నడవదు, ఏ ఇంటికీ చేరదు కనుక ‘పండింది’ అనడం దానికి అంతగా అతకదు. ‘బయటపడ్డాను’ అంటే గాడిదతనం తప్పిందన్న ఊరట కూడా వినిపిస్తుంది. అయినా మీ ఇంట్లో ‘పండాను’ అనే అలవాటుంటే మానమని నేను చెప్పను.