ఒక్క మొసలి దగ్గర గంటసేపు

చి. సౌ. సుమతికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో వాసు నాకు వంద జంతువుల పేర్లు అప్పజెప్పాడు. గోడకు అంటించిన పటం చూస్తూ, ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. "వీటిలో నీకు ఏది ఇష్టం రా?" అని అడిగితే ఫోను నీ చేతికిచ్చి వెళ్లిపోయాడు. వాడిని తప్పుపట్టను. ఐదేళ్లవాడికి మనం పేర్లు ఇచ్చాం, జంతువును ఇవ్వలేదు. లోకంలోని అడవి జంతువులన్నిటినీ వీడికి ఎలా పరిచయం చేయాలని నువ్వు అడిగావు. అన్నిటినీ వద్దమ్మా. ముందు ఒక్కటి చాలు.

ఈ మాట నా తప్పు నుంచే నేర్చుకున్నాను. బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో ఒకసారి నలభై మంది పిల్లలను చెన్నై దగ్గరి వండలూరు జంతు ప్రదర్శనశాలకు తీసుకువెళ్లాను. అది 602 హెక్టార్ల చోటు. మూడు గంటల్లో అంతా చూపించాలని పులి దగ్గర నుంచి సింహానికి, సింహం దగ్గర నుంచి ఎలుగుబంటికి చేతులు పట్టి లాక్కుపోయాను. మర్నాడు చూసినవాటి బొమ్మలు వేయమంటే చాలామంది బస్సు బొమ్మ వేశారు. ఒక అమ్మాయి మాత్రం సింహపుతోక కోతిని వేసింది. ఒక కోతి మరో కోతికి పేలు చూస్తోంది, ఆ రెండోది కళ్లు మూసుకుని ఉంది. చెప్పు తెగి ఆ పిల్ల అక్కడే ఆగిపోయిందట. ఆ బొమ్మ చూశాక నేను పిల్లలను తీసుకువెళ్లే పద్ధతే మార్చుకున్నాను.

నువ్వు మొసలితో మొదలుపెట్టు. మహాబలిపురం దారిలో, వడనెమ్మేలిలో 1976లో మొదలైన మొసళ్ల కేంద్రం ఉంది కదా. పొద్దున్నే వెళ్లండి. మన చెరువుల్లో ఉండే మగ్గర్ మొసళ్ల దగ్గర గంటసేపు కూర్చోండి. మొదట వాసు "ఇది బొమ్మ, కదలడం లేదు" అంటాడు. రాయి విసరనివ్వకు, చప్పట్లు కొట్టనివ్వకు, నువ్వు కూడా తొందరపడకు. కాసేపటికి నోరు తెరిచే ఉంచిన మొసలిని వాడే చూపిస్తాడు, కోపంగా ఉందంటాడు. అది ఒంట్లో వేడి తగ్గించుకుంటోందని అప్పుడు చెప్పు. కోతి గుండె అడిగిన మొసలి కథ వాడికి తెలుసు, ఏనుగు కాలు పట్టిన మొసలి కథా తెలుసు. ఆ కథలు మానవద్దు. కానీ గుడ్లు పగిలే వేళకు తల్లి మొసలి గూడు తవ్వి, పిల్లలను నోట్లో పెట్టుకుని నీళ్లలోకి మోసుకువెళుతుందని కూడా చెప్పు. అంత బలమైన దవడ అంత మెల్లగా మూసుకుంటుందని విన్నప్పుడు పిల్లల ముఖాలు ఎలా మారతాయో నేను ఎన్నోసార్లు చూశాను.

ఆ తరువాత పక్కనున్నవాటికి వెళ్లండి. మొసలికి చుట్టమైన ఘరియాల్ మూతి సన్నగా, పొడవుగా ఎందుకుందో వాడినే అడుగు. ఏం చెప్పినా విను, ఆ తరువాతే అది చేపలు పట్టే మూతి అని చెప్పు. నోరు మూసినా కింది దవడలో నాలుగో పన్ను బయటికి కనిపిస్తే మొసలి, కనిపించకపోతే ఎలిగేటర్. ఇది పిల్లలకు పెద్ద ఆట. ఇంటికి వచ్చాక గ్లోబు తెచ్చి, ఎలిగేటర్లు అమెరికాలోనూ చైనాలోనూ ఉంటాయని, నైలు మొసలి ఆఫ్రికాదని వేలుపెట్టి చూపించు. అప్పుడు ఆఫ్రికా అంటే వాడికి తాను చూసిన జంతువు చుట్టాలు ఉండే ఊరు అవుతుంది. దూరదేశపు జంతువు ఏదైనా ఇలా తెలిసినదాని వేలు పట్టుకునే రావాలి.

చెన్నైలోని గిండీ పార్కులో కృష్ణజింక, చుక్కల దుప్పి కనిపించినప్పుడు కొమ్ములు చూపించు. దుప్పి కొమ్ములకు కొమ్మలుంటాయి, అవి రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింకవి మెలితిరిగి ఉంటాయి, జన్మంతా అవే. అక్కడి నుంచి మంచుదేశాల రెయిన్‌డీర్‌కు వెళ్లవచ్చు, వాటిలో ఆడవాటికీ కొమ్ములుంటాయి. జిరాఫీ పిల్ల అయితే కొమ్ములతోనే పుడుతుంది, పుట్టేటప్పుడు అవి తలకు అంటుకుని మెత్తగా ఉంటాయి.

చూడలేని జంతువులను కొలిచి చూపించు. అప్పుడే పుట్టిన జిరాఫీ దాదాపు ఆరడుగులు ఉంటుంది, గోడమీద గీత గీసి వాళ్ల నాన్నను పక్కన నిలబెట్టు. కంగారూ పిల్ల పుట్టినప్పుడు చిక్కుడు గింజంత, ఆ గింజను వాడి అరచేతిలో పెట్టు. నీలి తిమింగలం 30 మీటర్ల దాకా పెరుగుతుంది. బెసెంట్ నగర్ సముద్రతీరపు ఇసుకలో గీసి, తల నుంచి తోక దాకా వాడిని నడిపించు.

అదే తీరానికి జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1988 నుంచి విద్యార్థులు బృందంగా రాత్రుళ్లు నడిచి ఆ గుడ్లను కాపాడుతున్నారు. వాసు కాస్త పెద్దయ్యాక ఆ నడకకు పంపు. ఇప్పుడైతే తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలే సాయంత్రం చూపిస్తే చాలు. అవి వెలుతురు వైపు పాకుతాయి కాబట్టి టార్చి వేయవద్దు, ఫోను వెలిగించవద్దు.

పేర్లు తెలుగులోనూ నేర్పు. ఆస్ట్రిచ్ మనకు నిప్పుకోడి, రైనో ఖడ్గమృగం, హైనా దుమ్ములగొండి. బడిలో స్నేహితులు తమిళంలో ముదలై అంటారు, ఇంట్లో మనం మొసలి అంటాం. పులి మాత్రం ఇద్దరికీ పులే. ఇది వాడే కనిపెట్టేలా చూడు.

సింహం జింకను చంపడం చూసి ఏడిస్తే టీవీ కట్టేయి, సమాధానం మాత్రం ఎగ్గొట్టవద్దు. సింహం గడ్డి తిని బతకలేదని నిజమే చెప్పు. పాము అంటే భయపడితే ముట్టుకోమని బలవంతపెట్టవద్దు, దూరం నుంచి చూసినా చూసినట్టే. జంతువులన్నీ అంతరించిపోతున్నాయన్న దిగులు ఈ వయసులో వాడి నెత్తిన పెట్టవద్దు. ముందు వాటితో స్నేహం కుదరనీ. మన దేశంలో చిరుత వేరు, చీతా వేరని, ఆ చీతాలు ఒకప్పుడు పూర్తిగా మాయమై 2022లో మళ్లీ నమీబియా నుంచి వచ్చాయని వాడు అడిగినప్పుడు చెప్పవచ్చు.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికల్లా సిద్ధంగా ఉండండి, నేనూ వస్తాను. ఎండ టోపీ, నీళ్లు, గీసుకోవడానికి ఒక పుస్తకం చాలు. గోడమీద పటం మాత్రం తీసేయకు. వాసు చూసి వచ్చిన జంతువు దగ్గర వాడి చేతే ఒక చుక్క పెట్టిద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ