అమ్మను ఒప్పించే పని పెట్టుకోకండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఉప్పల్‌లో ఉంటాం. తొమ్మిదేళ్ల బాబు, ఆరేళ్ల పాప. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తున్నాను. ఇంటర్ బైపీసీ అయ్యాక నర్సింగ్ చదువుతానంటే అమ్మ ససేమిరా అంది. నాన్న పోయిన ఏడాది అది. ‘నర్సు పిల్లకు సంబంధాలు రావు’ అని బీకాంలో చేర్పించింది. ఇప్పుడు జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ అనే నర్సింగ్ డిప్లొమా) చేయాలని ఉంది. అన్నయ్య బెంగళూరులో ఉంటాడు, అమ్మ మా దగ్గరే ఉంటుంది. ఈ మాట విన్నప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. ‘పిల్లల తల్లివి, రాత్రిళ్లు ఆసుపత్రుల్లో ఏం పని’ అంటోంది. మావారేమో ‘అత్తయ్య ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు’ అంటున్నారు. అమ్మను ఎలా ఒప్పించాలి? ఈ వయసులో చదువు మొదలుపెట్టడం తప్పా?

జవాబు: రెండో ప్రశ్న ముందు తేల్చేద్దాం. తప్పు కాదు. కానీ జీఎన్ఎంలో చేరడానికి గరిష్ఠ వయసు 35 ఏళ్లు. మీకిప్పుడు 34. వచ్చే ఏడాది చూద్దాంలే అనుకునే వీలు మీకు లేదు. వయసును ఏ తేదీ నాటికి లెక్కేస్తారో ఈసారి నోటిఫికేషన్‌లో జాగ్రత్తగా చూసుకోండి.

ఇక అమ్మను ఎలా ఒప్పించాలన్నది. ఒప్పించకండి.

మీరు రాసిన పెద్ద ఉత్తరాన్ని ఇక్కడ కుదించి ఇచ్చాం. అందులో కోర్సు గురించి ఉన్నది నాలుగైదు లైన్లే. మిగిలినదంతా అమ్మే. ఆరోజు ఆవిడ ఏమన్నారు, పెద్దనాన్నతో ఏం చెప్పించారు, మీ స్నేహితురాలు నర్సింగ్ చేసి ఇవాళ ఎక్కడుంది, ఆ సంగతి ఎత్తితే అమ్మ ఎలా మాట మార్చేస్తారు... ఇవన్నీ పూసగుచ్చినట్టు రాశారు. చదువుతుంటే నాకు ఒకటి అర్థమైంది. మీకు కావలసింది సీటు ఒక్కటే కాదు. ‘అప్పుడు నిన్ను ఆపి తప్పు చేశానే’ అని అమ్మ నోటితో అనాలి. ఆ మాట వచ్చేదాకా మీరు కదలరు. ఆవిడ ఆ మాట అనరు. భర్త పోయిన ఏడాదే, పెళ్లికెదిగిన కూతురిని పెట్టుకుని, నలుగురి మాటకు భయపడి తీసుకున్న నిర్ణయం అది. ఇప్పుడు తప్పని ఒప్పుకుంటే తన కష్టమంతా దండగైనట్టే అనిపిస్తుంది ఆవిడకి. అంత పని ఆవిడ చేత చేయించాలని చూడకండి.

మీ ఉత్తరంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఇన్సులిన్ సంగతి. రోజూ పొద్దున అమ్మకు మీరే ఇంజెక్షన్ చేస్తారు. నిన్న బొడ్డుకు కుడివైపు చేస్తే ఇవాళ ఎడమవైపు, ఒకే చోట పొడిస్తే గడ్డ కడుతుందని. మీరు ఊరెళ్లినప్పుడు మీవారు చేస్తానన్నా ఆవిడ ఒప్పుకోలేదు, ‘దాని చెయ్యే తేలిక’ అన్నారు. ఆ చేతి విలువ ఆవిడకు తెలుసు. దాన్ని పరాయివాళ్లకు పెట్టడమే ఆవిడకు నామోషీ. ఈ మాట నాకు చాలా బాధ కలిగించింది. కరోనా రోజుల్లో సొంతవాళ్లే దగ్గరికి రాలేని వార్డుల్లో పీపీఈ కిట్లు వేసుకుని గంటల తరబడి నిలబడింది ఎవరు? గాంధీ ఆసుపత్రిలో మనవాళ్లను చూసుకున్నది ఎవరు? అయినా ఇంకా మన ఇళ్లలో నర్సు అనగానే గొంతు తగ్గించి మాట్లాడతాం.

తల్లిని చూసుకోవడం మన బాధ్యత. కొడుకున్నా కూతురి దగ్గరే ఉంటున్నారంటే మీరెంత బాగా చూసుకుంటున్నారో తెలుస్తూనే ఉంది. వేళకు అన్నం, మందు, ఆసుపత్రి, ఆప్యాయంగా ఓ మాట, వీటిలో లోటు రానివ్వకండి. ఇద్దరు పిల్లల తల్లి తన చదువుకు అమ్మ దగ్గర పర్మిషన్ అడగడం మాత్రం ఆ బాధ్యతలో భాగమని నేననుకోను.

మీవారి మాట కూడా నాకు నచ్చలేదు. అత్తగారిని అడ్డం పెట్టుకుని తప్పించుకుంటున్నారు. ఆయన్ను సూటిగా అడగండి. మూడేళ్ల కోర్సు. జీతం ఉండదు, ఫీజు ఉంటుంది. వార్డు పోస్టింగులుంటాయి, నైట్ డ్యూటీలు పడతాయి. ఆ రాత్రుళ్లు పిల్లల దగ్గర ఎవరుంటారు, పొద్దున్నే బాక్సులు ఎవరు కడతారు? ‘అభ్యంతరం లేదు’ అన్నది వీటికి జవాబు కాదు.

కాలేజీ విషయంలో తొందరపడకండి. ఆరు నెలల్లో నర్సు అయిపోవచ్చని బోర్డులు పెట్టే చోట రూపాయి కూడా కట్టొద్దు. ఆ సర్టిఫికెట్‌తో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అవదు, అది లేకపోతే నర్సు ఉద్యోగమే లేదు. చేరబోయే స్కూలుకు కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడండి. చాలా చోట్ల హాస్టల్లోనే ఉండాలంటారు. ఇంటి నుంచి వచ్చిపోవడానికి ఒప్పుకుంటారా అని ముందే అడగండి. జీఎన్ఎం అయ్యాక ఓపికుంటే రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ (నర్సింగ్ డిగ్రీ) ఉంది, దాని సంగతి తర్వాత.

ఈ ఆదివారం ఇంటర్ మెమో, టీసీ, మిగతా సర్టిఫికెట్లు తీసి పెట్టుకోండి. అప్లికేషన్ పెట్టాక అమ్మకు చెప్పండి, మెల్లగా, పాత సంగతులేవీ ఎత్తకుండా. ఆవిడ అలిగి ఒకటి రెండు పూటలు అన్నం మానేయొచ్చు. ఇన్సులిన్ చేసే ముందు తింటారో లేదో కనుక్కోండి. తిననంటే అలవాటు ప్రకారం అదే డోసు ఇచ్చేయకండి, షుగర్ మరీ పడిపోతుంది. ఒకసారి షుగర్ చెక్ చేసి, డాక్టర్‌కు ఫోన్ చేసి ఎంత ఇవ్వాలో అడిగి చేయండి.