మలేషియా అడవిలో మన ఎండ లెక్కలు పనికిరావు

చెన్నై నుంచి కౌలాలంపూర్ నాలుగ్గంటల ప్రయాణమే అని పోయిన సంచికలో ఒక్క మాట రాశాను, అంతే, నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ప్రశ్నలు కుప్పలు పడ్డాయి. ట్విన్ టవర్స్ గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోవద్దు, ఆ సమాచారం ఎక్కడైనా దొరుకుతుంది. అడవిలో నడక గురించి, అక్కడి తిండి గురించి వచ్చినవే ఈసారి తీసుకున్నాను.

ప్రశ్న: మేమిద్దరం రిటైర్డ్ టీచర్లం, అరవై దాటాయి. పెంచలకోన, ఉదయగిరి కొండ, భైరవకోన అన్నీ నడిచి తిరిగినవాళ్లమే. నెల్లూరు ఎండల్లో పెరిగినోళ్లకు మలేషియా అడవి ఒక లెక్కా అంటారు మా ఆయన. నాకేమో జలగలన్నా పులులన్నా టెన్షన్. తమన్ నెగరా వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: వెళ్లొచ్చమ్మా, నిక్షేపంగా వెళ్లొచ్చు. కానీ సారు లెక్క మాత్రం అక్కడ పనిచేయదు. మన రోహిణి కార్తెలో ఒళ్లు మాడిపోతుంది నిజమే, అయితే పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది, చెట్టు కిందికి పోతే ప్రాణం లేచొస్తుంది. అక్కడ ఎండ ముప్పై మూడు డిగ్రీలు దాటడమే తక్కువ, నడిచేదంతా నీడలోనే, అయినా పది నిమిషాల్లో చొక్కా పిండుకోవాల్సి వస్తుంది, ఎందుకంటే గాలిలో అప్పటికే ఉన్న తేమ చెమటను ఆరనివ్వదు. చెమట ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది. అందుకే అక్కడ మూడు కిలోమీటర్ల బాట అని బోర్డు మీద చూసి ముప్పావుగంటలో వచ్చేస్తాం అనుకోకండి. వేర్లు, బురద, ఎక్కుడు, దిగుడు అన్నీ కలిపి రెండు గంటలు పెట్టుకోండి. ఒక్కొక్కరికి రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తప్పనిసరి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు బయల్దేరే ముందే డాక్టర్‌కి ఈ తేమ సంగతి చెప్పి అడగండి.

తమన్ నెగరా అంటే 4,343 చదరపు కిలోమీటర్ల అడవి, పహాంగ్, కెలాంటన్, తెరెంగాను అని మూడు రాష్ట్రాల్లో పరుచుకుని ఉంది, వయసు 13 కోట్ల ఏళ్లని చెబుతారు. మీలాంటివాళ్లకు కావలసిందంతా కౌలా తహాన్ అనే ఊరి చుట్టుపక్కలే ఉంది. జెరంతుత్ మీదుగా రోడ్డున పోవచ్చు. కౌలా తెంబెలింగ్ రేవు నుంచి పొడుగాటి చెక్క పడవలో రెండున్నర, మూడు గంటలు నది మీద పోయే దారి కూడా ఉంది, పడవ నడుస్తోందో లేదో ముందే కనుక్కుని వీలైతే పోయేటప్పుడు పడవ, వచ్చేటప్పుడు రోడ్డు పెట్టుకోండి. ఊరు ఒక ఒడ్డున, అడవి అవతలి ఒడ్డున ఉంటాయి, మధ్యలో చిన్న పడవ ఒకటో రెండో రింగిట్లకు (అక్కడి డబ్బు) దాటిస్తుంది. చెట్ల మధ్య తాళ్లతో కట్టిన వేలాడే వంతెన మీద నడవండి (రిపేర్లకని మూసేస్తుంటారు, ముందే అడగండి). ఓపికుంటే బుకిట్ తెరెసెక్ కొండ ఎక్కండి, మూడు వందల మీటర్ల పైచిలుకే, చాలావరకు చెక్క మెట్లు ఉంటాయి. గునుంగ్ తహాన్ జోలికి మాత్రం పోవద్దు, అది 2,187 మీటర్లు, ద్వీపకల్ప మలేషియాలో అన్నిటికన్నా ఎత్తు, గైడుతో వారం రోజుల పని.

ఇక జలగలు. వాన పడిన మర్నాడు తప్పకుండా కనిపిస్తాయి. మన చెరువు జలగల్లా లావుగా ఉండవు, పెన్ను రీఫిల్ అంత సన్నంగా ఆకు చివర నిటారుగా నిలబడి తల అటూ ఇటూ ఊపుతుంటాయి, మనిషి అలికిడికి ఇటే వస్తాయి. మోకాళ్ల దాకా వచ్చే, ఒత్తుగా నేసిన గుడ్డ మేజోళ్లు దొరుకుతాయి, అవి వేసుకుని ప్యాంటు అందులోకి దోపేస్తే చాలావరకు గొడవ వదిలిపోతుంది. పట్టుకున్నా నొప్పి ఉండదు. లాగి పీకొద్దు, గోరు దాని నోటి కిందికి పోనిచ్చి పక్కకు నెట్టండి. రక్తం గడ్డకట్టకుండా అది ఒక పదార్థం వదులుతుంది కాబట్టి తర్వాత కూడా చాలాసేపు కారుతూనే ఉంటుంది, కంగారుపడొద్దు, కడిగి దూది అదిమి కట్టు కట్టండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మాత్రం జాగ్రత్త. నిజానికి నేను జలగకన్నా దోమకే ఎక్కువ భయపడమంటాను, డెంగీ అక్కడ ఊళ్లలోనే ఉంది, అడవుల్లో కోతుల నుంచి దోమ ద్వారా మనిషికి వచ్చే మలేరియా కూడా ఉంది. ఫుల్ చేతుల చొక్కా, దోమల మందు మర్చిపోకండి.

పులి అంటారా, మలయా పులులు మొత్తం దేశంలోనే 150కి లోపు మిగిలాయి. మీకు కనబడితే మీ కన్నా అటవీశాఖ వాళ్లే ఎక్కువ సంతోషపడతారు.

ప్రశ్న: అన్నా, ఐదు రోజుల ప్యాకేజీకి డబ్బు కట్టబోతున్నాం నలుగురం ఫ్రెండ్స్. జెంటింగ్, బటూ గుహలు, షాపింగ్, మళ్లీ షాపింగ్. అడవి ఏదైనా కలపమంటే ఏజెంటు "యాడుంది సార్ టైము, అక్కడ చెట్లు తప్ప ఏముంటాయి" అన్నాడు. డిసెంబర్‌లో పోదామని ప్లాన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఇంకా కట్టలేదు కదా, మంచిది తమ్ముడూ. టికెట్లు, గది మీరే బుక్ చేసుకోండి, నలుగురు కుర్రాళ్లకు ఏజెంటు ఎందుకు? ముందు నెల మార్చుకోండి. నవంబర్, డిసెంబర్‌లలో నెల్లూరును ముంచే ఈశాన్య రుతుపవనాలే అక్కడి తూర్పు తీరాన్ని కూడా ముంచుతాయి, తమన్ నెగరా ఆ నెలల్లో బురదే బురద. మార్చి నుంచి సెప్టెంబర్ దాకా నయం. డిసెంబరే కుదురుతుంది అంటే పడమటి వైపే ఉండిపోండి.

పడమటి వైపు నా ఓటు రెండు చోట్లకు. ఒకటి కౌలాలంపూర్ పక్కన కెపోంగ్‌లో ఉన్న అటవీ పరిశోధన సంస్థ వాళ్ల అడవి, ఎఫ్‌ఆర్‌ఐఎం అంటారు. ఒకప్పుడు తగరం గనులు తవ్వి పాడుచేసి వదిలేసిన నేల అది, 1920ల నుంచి మొక్కలు నాటుతూ నాటుతూ అడవి చేశారు, 2025లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేరింది. అక్కడ కపూర్ చెట్ల కింద నిలబడి తలెత్తి చూడండి, పైన ఒక చెట్టు కొమ్మలు పక్క చెట్టును తాకకుండా ఆగిపోయి ఉంటాయి, మధ్యలో సన్నని సందులు, వాటిలోంచి ఆకాశం. పొద్దున పోయి మధ్యాహ్నానికి రావచ్చు.

రెండోది పెనాంగ్ నేషనల్ పార్క్. జార్జ్‌టౌన్ నుంచి 101 నంబర్ బస్సెక్కితే తెలుక్ బహాంగ్‌లో గేటు దగ్గరే దింపుతుంది. అక్కడి నుంచి కెరాచుట్ బీచ్‌కి అడవిలోంచి గంటన్నర నడక, చివర తాబేళ్ల సంరక్షణ కేంద్రం. ఆ సముద్రంలో మాత్రం దిగొద్దు, మైపాడులో ఈత కొట్టాం అని చెప్పినా వినరు, జెల్లీ చేపలు, లోపలి ప్రవాహాలు రెండూ ఉన్నాయి. కాళ్లు పీకుతుంటే వచ్చేటప్పుడు పడవలో రావచ్చు, బేరం ముందే ఆడుకోండి.

బూట్ల కోసం వేలు తగలెయ్యకండి. అక్కడ రబ్బరు తోటల్లో పనిచేసేవాళ్లు, గైడ్లు వేసుకునే నల్ల రబ్బరు బూట్లు ఉంటాయి, కంపుంగ్ అడిడాస్ అని సరదాగా పిలుస్తారు, చాలా చవక, కింద బుడిపెలు ఉంటాయి, బురదలో జారవు, నీళ్లు పీల్చవు. చూడ్డానికి బాగుండవు, ఇన్‌స్టాలో ఫోటోకి వేరే జత పెట్టుకోండి.

ఇంకొక్క మాట గట్టిగా చెప్పాలి. అక్కడ తెల్లారేదే ఏడు దాటాక, మధ్యాహ్నం మూడు తర్వాత ఉరుములతో వాన సాధారణం. కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టి రెండింటికల్లా బయటపడాలి. జలపాతం దగ్గర ఉన్నప్పుడు మీ నెత్తిన చినుకు పడకపోయినా పైన కొండల్లో వాన కురిస్తే నీళ్లు ఒక్కసారిగా గోడలా దిగుతాయి. తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా సెల్ఫీ మధ్యలో ఆపి గట్టెక్కండి. దీనివల్ల మనుషులు పోతూనే ఉన్నారు.

ప్రశ్న: వీసా ఎంత? ఎన్ని రోజులు ముందు పెట్టాలి?
– ఇదే ప్రశ్న కందుకూరు, కనిగిరి, గూడూరు నుంచి

జవాబు: మనవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు, 2026 డిసెంబర్ 31 వరకు పొడిగించారు. ఆ తర్వాతి తేదీకి టికెట్ కొనేవాళ్లు ముందు కనుక్కుని కొనండి. దిగడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, అది ఉచితం, ఎవరైనా డబ్బడిగితే అది దొంగ సైటు.

ప్రశ్న: మా అత్తమ్మ శుద్ధ శాకాహారి, ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. అందరం కలిసి పోతున్నాం. అక్కడ ఆవిడ పస్తుండాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, మూలాపేట, నెల్లూరు

జవాబు: పెద్ద ఊళ్లలో ఆ భయమే అక్కర్లేదు. కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో, పెనాంగ్ లిటిల్ ఇండియాలో అరటాకు భోజనం, దోసె, ఇడ్లీ మామూలే. ఉల్లి, వెల్లుల్లి లేకుండా కావాలంటే చైనా బౌద్ధుల శాకాహార హోటళ్లు వెతకండి, వాటిలో చాలాచోట్ల రెండూ వాడరు. పళ్లెంలో చేప ఆకారంలోనో కోడి ముక్కలాగానో ఏదో కనబడితే అత్తమ్మగారు లేచి రాకుండా ముందే చెప్పి ఉంచండి, అది సోయాతోనో గోధుమ జిగురుతోనో చేసింది.

మోసపోయేదల్లా కూరగాయల దగ్గరే. తూటికూర వేపుడు పచ్చగా నిగనిగలాడుతూ వస్తుంది, చూస్తే నోరూరుతుంది, అందులో బెలచాన్ ఉంటుంది. సన్న రొయ్యల్ని ఉప్పేసి పులియబెట్టి ఎండబెట్టిన ముద్ద అది, అక్కడ మనం పోపు పెట్టినంత మామూలుగా వేసేస్తారు. నాసి లెమాక్‌లో అన్నం కొబ్బరిపాలతో వండిందే, తినొచ్చు, పక్కన వేసే సంబల్ అనే ఎర్ర మిరప ముద్దలో మాత్రం ఇదే బెలచాన్, చాలాసార్లు నెత్తళ్లు కూడా. రోటీ చనాయ్ అనే పరోటాకి పప్పు అడగండి, అడక్కపోతే చేపల పులుసు పోసినా పోస్తారు. "తక్ మావు బెలచాన్, తక్ మావు ఇకాన్" అంటే రొయ్యల ముద్ద వద్దు, చేప వద్దు అని. అడవి పక్క ఊళ్లలో ఇవేవీ దొరకవు, తెల్లన్నం మాత్రమే గ్యారంటీ. ఉల్లి, వెల్లుల్లి వెయ్యని కందిపొడి, చింతకాయ పచ్చడి, నెయ్యి సీసా ఇంటి నుంచి బాగా ప్యాక్ చేసి తీసుకుపోండి.

ప్రశ్న: మాకు రొయ్యల గుంటలున్నాయి. చేపా రొయ్యా ఏదైనా తింటాం, మొహమాటం లేదు. అంతదూరం పోయి బిర్యానీ తిని రావడం ఇష్టం లేదు. నెల్లూరు నోటికి నచ్చేవి చెప్పండి సామీ.
– ఒక పాఠకుడు, ఇందుకూరుపేట

జవాబు: ఇలాంటి ఉత్తరం కోసమే చూస్తున్నా. మొదట పెనాంగ్ అసం లక్సా. కానాగంతల్ని ఉడికించి ముళ్లు తీసి చిదిమి, చింతపండుతో, అసం కెపింగ్ అనే ఎండబెట్టిన పుల్లని పండు ముక్కలతో మరిగించిన పులుసు, అందులో లావాటి బియ్యపు సేమియా, పైన కీరా, అనాసపండు, పుదీనా, ఒక రకం అల్లప్పువ్వు సన్నగా తరిగి వేస్తారు. చివర్న ఒక గరిటె నల్లటి రొయ్యల పాకం ఇస్తారు, కలుపుకోవాలి. మామిడికాయ వేసిన చేపల పులుసు తిని పెరిగిన నాలుక మొదటి గుక్కలోనే ఆ పులుపును గుర్తుపడుతుంది, అనాస తీపి దగ్గర కాస్త తడబడుతుంది. నాకు రెండో గిన్నె నుంచి నచ్చింది.

తర్వాత టేకు చేప. సంబల్ దట్టంగా పూసి అరటాకులో పెట్టి పెనం మీదో నిప్పుల మీదో కాలుస్తారు, ఇకాన్ బకార్ అని బోర్డుంటుంది. మన తీరంలో పడే చేపే, ఈ కాల్పు మాత్రం మనకు లేదు.

మీరు తప్పకుండా ఆగాల్సింది తెమెర్లో. కౌలాలంపూర్ నుంచి తమన్ నెగరా పోయే దారి మీద పహాంగ్ నది ఒడ్డున ఉంది. ఆ ఊరికి పేరొచ్చిందే పాతిన్ చేపతో. పాతిన్ అంటే ఏంటో తెలుసా, మన గుంటల్లో పెంచే పంగస్ జాతే! మనవాళ్లు పెంచి లారీలకెక్కించి బయటి రాష్ట్రాలకు పంపుతారే గానీ ఇంట్లో వండరు. వాళ్లు అదే చేపను దురియన్ అనే ఘాటు వాసన పండును పులియబెట్టిన గుజ్జు, పచ్చి పసుపు, మిరపకాయలు వేసి పులుసు పెట్టి ఇంటికొచ్చిన చుట్టాలకు వడ్డిస్తారు. మొదటి ముద్దకి వాసన ఎదురు తంతుంది. రెండో ముద్ద కూడా తినండి, పంగస్ పెంచే రైతు ఎవరైనా ఒకసారి రుచి చూడాల్సిన కూర.

దురియన్ పండు జూన్ నుంచి ఆగస్టు దాకా ఎక్కువగా దొరుకుతుంది. ముసాంగ్ కింగ్ అనేది బాగా ఖరీదు, కిలో లెక్కన తూస్తారు, తొక్కతో సహా, కాబట్టి ధర అడిగాకే కోయమనండి. అక్కడే నిలబడి తినేసి చేతులు కడుక్కుని రండి. హోటల్ గదికి పట్టుకుపోతే జరిమానా వేస్తారు, గేటు దగ్గరే దురియన్ బొమ్మ మీద ఎర్ర గీత ఉంటుంది.

ప్రశ్న: అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు దొరుకుతారా?
– ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: దొరుకుతారు. బ్రిటిష్ కాలంలో రబ్బరు, కొబ్బరి తోటల్లో పనికి పోయినవాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఉన్నారు, పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతుక్ కొబ్బరి తోటల వైపు మరీ ఎక్కువ. వాళ్ల పెద్దలు చాలామంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పోయినవాళ్లు, అందుకని యాస మన యాసలా ఉండదు. 1955 నుంచి సంఘం కూడా నడుపుకుంటున్నారు, ఉగాది చేస్తారు. అడవిలో దారి తప్పితే మాత్రం తెలుగు పనికిరాదు, ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాపు దించుకుని పోండి.