ఆవిరి ఇంజనుకు అంత సేపెందుకు?

ప్రశ్న: మా తాతగారు ఆవిరి రైలింజనులో మంట చూసుకునే ఫైర్‌మన్‌గా పనిచేశారు. ఒక్క పూట నడపాలన్నా ఇంజనును ముందురోజు నుంచే కాచేవారట. ఎందుకు? ఈ పని ఇప్పుడు ఎక్కడ చూడవచ్చు?
— ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: తాతగారు చెప్పింది నిజమే. చల్లారిన బాయిలర్‌లో ఒక్కసారిగా మంట పెంచితే, పొయ్యి పలకలూ గొట్టాలూ బయటి పెంకు కన్నా ముందే వేడెక్కి వ్యాకోచించి, అతుకుల దగ్గర నీరు కారడం మొదలవుతుంది. అందుకే సన్నని మంట మీద గంటల తరబడి కాచుతారు. అంతకన్నా మొండి సమస్య నీరు. మన అనంతపురం బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున పేరుకునే తెల్లని గార వంటిదే బాయిలర్ గొట్టాల మీదా కట్టి, వేడిని నీటికి అందనివ్వదు కనుక, బాయిలర్‌ను తరచూ ఖాళీ చేసి, బిరడాలు విప్పి లోపల కడుగుతారు. పొయ్యి పైకప్పులో మాత్రం సీసం నింపిన బిరడా ఒకటి ఉంటుంది: నీటిమట్టం పడిపోతే ఆ సీసం కరిగి, ఆవిరి మంట మీదికి చిమ్ముతుంది. ఏ ఫైర్‌మనూ గొప్పగా చెప్పుకునే సంఘటన కాదది!

చూడాలంటే హర్యానాలోని రేవాడి ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉంది. మనకు దగ్గరగా, 2005లో యునెస్కో గుర్తింపు పొందిన నీలగిరి రైలుమార్గంలో, మేట్టుపాళయం–కూనూరు ఘాట్‌లో రంపంలా దంతాలున్న పట్టాలపై నేటికీ ఆవిరి ఇంజన్లు ఎక్కుతున్నాయి. వాటిలో కొన్నింటిని తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపులోనే కొత్తగా తయారుచేశారు.