సమాధానం: విన్యో వెర్ద్ చప్పగా ఉంది, బుడగలూ లేవు

మీ విన్యో వెర్ద్ వైన్ సీసా పాతబడిపోయింది. రెండేళ్లుగా వంటింటి అరలో ఉందని రాశారు కదా, సన్నటి బుడగలు పోయి మగ్గిన ఆపిల్ వాసన రావడానికి చాలావరకు కారణం అదే. పోర్చుగల్ వాయవ్యాన మిన్యో ప్రాంతపు వైన్ ఇది. అట్లాంటిక్ వానలు, గ్రానైట్ నేల వల్ల పులుపు ఎక్కువ, ఆల్కహాల్ తక్కువ. మామూలు రకాన్ని తాజాగా తాగడానికే చేస్తారు.

1. కొనేముందు లేబుల్ మీద పంట సంవత్సరం చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. నిరుటిదైతే మంచిది, మహా అయితే అంతకు ముందు ఏడాదిది. చవక సీసాల మీద అసలు సంవత్సరమే ఉండకపోవచ్చు. అలాంటప్పుడు సరుకు త్వరగా అమ్ముడుపోయే షాపులోనే కొనండి. ఎండ తగిలే అద్దం పక్కన నిలబెట్టినది మాత్రం వద్దు, తెల్ల గాజు సీసాలో వెలుతురుకి కూడా రుచి చెడుతుంది.

2. ఇంటికి తెచ్చాక నేరుగా ఫ్రిజ్‌లో పెట్టండి. 8-10 డిగ్రీల దగ్గర తాగితే బాగుంటుంది.

3. నిప్పుల మీద కాల్చిన సార్డీన్ చేపలు, వెల్లుల్లి కొత్తిమీర వేసి వండిన ఆల్చిప్పలు దీనికి సరైన జోడీ. మీరడిగిన చేపల వేపుడూ కుదురుతుంది, కారం కాస్త తగ్గించండి.

దాచుకునే ఉద్దేశం ఉంటే ఇదే ప్రాంతంలోని మొన్సావ్, మెల్గాసు ఊళ్లలో అల్వరిన్యో అనే ద్రాక్షతో చేసే వైన్ కొనండి. ధర ఎక్కువే, కానీ మంచివి కొన్నేళ్లు నిలుస్తాయి.